సెకనుకు నాలుగు వందల ఆత్మప్రదక్షిణలు

కలకత్తా నగరంలోని కాలేజీ వీధి పేరు వినని చదువరులు అరుదు. పాత పుస్తకాల దుకాణాలు ఇరువైపులా బారులు తీరిన ఆ వీధిలోనే ప్రెసిడెన్సీ కళాశాల ఉన్నది. 1817లో హిందూ కళాశాలగా ఆరంభమై, 2010లో విశ్వవిద్యాలయంగా రూపొందిన ఆ విద్యాలయంలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ పాఠాలు చెప్పారు. మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ అక్కడ సహాధ్యాయులు. నక్షత్రాల వర్ణపటాన్ని చూచి వాటి ఉష్ణోగ్రతను చెప్పే సూత్రాన్ని సాహా 1920లో లోకానికి ఇచ్చినప్పుడు ఆయన చేతిలో గొప్ప దూరదర్శిని ఏదీ లేదు. కాగితం, కలం, ఆలోచన మాత్రమే ఉన్నాయి. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినా, ఆ సంప్రదాయం మాత్రం మారలేదు.

ఆ సంప్రదాయానికి చెందినదే 1990ల చివరలో వెలువడిన ఒక సాహసోపేతమైన ప్రతిపాదన. ప్రెసిడెన్సీ కళాశాలకు చెందిన మీరా దే, నగరంలోని మౌలానా ఆజాద్ కళాశాలకు చెందిన జిష్ణు దే, వారి సహచరులు కొందరు కలిసి, ఆకాశంలో న్యూట్రాన్ నక్షత్రాలుగా పరిగణింపబడుతున్న వాటిలో కొన్ని అసలు న్యూట్రాన్లతో నిర్మితమైనవే కావనీ, అంతకంటె మౌలికమైన మరొక పదార్థపు ముద్దలనీ వాదించారు. ఆ వాదం నిలిచిందా, వీగిందా అని పరిశీలించాలంటే, ముందుగా ఆ నక్షత్రాలపై సంభవించే విచిత్రమైన మంటలను గురించి తెలుసుకోవాలి.

సూర్యునికంటె ఎన్నో రెట్లు పెద్దదైన నక్షత్రం తన ఇంధనాన్ని కాల్చివేసుకొని, గర్భం కుప్పకూలి, పై పొరలను విరజిమ్మినప్పుడు మిగిలే అవశేషమే న్యూట్రాన్ నక్షత్రం. న్యూట్రాన్ అనే కణాన్ని చాడ్విక్ 1932లో కనుగొన్నాడు. రెండేళ్ళు తిరగకుండానే బాడే, జ్విక్కీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అటువంటి నక్షత్రాలు ఉండవచ్చునని ఊహించారు. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని క్రమం తప్పని రేడియో స్పందనలను గుర్తించడంతో ఆ ఊహ వాస్తవమయింది. సూర్యునికి ఒకటిన్నర రెట్లకు కొద్దిగా తక్కువ పదార్థం, కోల్‌కతా నగరాన్ని కప్పగలిగినంత చిన్న గోళంలో ఇమిడి ఉంటుంది. సూర్యుని ద్రవ్యరాశికి 1.4 రెట్ల పదార్థాన్ని పది కిలోమీటర్ల వ్యాసార్థంలో కుదించినామనుకొని లెక్క వేస్తే, ఒక్క ఘన సెంటీమీటరు, అనగా ఒక చిన్న చెంచాలో పావువంతు, దాదాపు 67 కోట్ల టన్నులు తూగుతుంది. మాటలకు అందని ఇటువంటి అంకెలు వ్రాయవలసి వచ్చినప్పుడు ఎవరి కలమైనా ఒక క్షణం ఆగకమానదు.

ఇటువంటి నక్షత్రాలలో కొన్ని ఒంటరివి కావు. పక్కనే మరొక సామాన్య నక్షత్రం ఉండి, జంటగా తిరుగుతూ ఉంటాయి. తోటి నక్షత్రపు పై పొరలలోని వాయువు న్యూట్రాన్ నక్షత్రం ఆకర్షణకు లోనై, దాని చుట్టూ పళ్ళెంవలె తిరుగుతూ, క్రమంగా దాని ఉపరితలంపైకి జారిపడుతుంది. అట్లా పడే ప్రతి గ్రాము వాయువు విడుదల చేసే శక్తి అపారమైనది. ఆ వేడికి నక్షత్రం ఎక్స్-కిరణాలలో నిరంతరం ప్రకాశిస్తుంది. ఆ కిరణాలను మన వాతావరణం నేలదాకా రానీయదు గనుక, వీటిని చూడాలంటే ఉపగ్రహాలే శరణ్యం.

1975లో నెదర్లాండ్స్ దేశపు ఉపగ్రహం ఒకటి పంపిన సమాచారాన్ని పరిశీలిస్తూ జొనాథన్ గ్రిండ్లే, జాన్ హైసె ఒక విడ్డూరాన్ని గమనించారు. నిలకడగా వెలిగే ఎక్స్-కిరణ నక్షత్రం ఒకటి ఉన్నట్టుండి సెకను వ్యవధిలో భగ్గుమని, పది పదిహేను సెకన్లలో మళ్ళీ చల్లబడింది. తర్వాత ఇటువంటివి అనేకం బయటపడ్డాయి. కొన్ని గంటలకొకసారి, దాదాపు వేళ తప్పకుండా, ఇవి సంభవించే నక్షత్రాలు కూడా ఉన్నాయి.

కారణం ఊహించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నక్షత్రంపై పడిన వాయువు ఉదజని, హీలియంలతో కూడినది. అది ఉపరితలంపై పొరగా పేరుకుంటుంది. పొర మందం కొన్ని మీటర్లకు మించదు. అయినా అక్కడి గురుత్వాకర్షణ భూమిపై ఉన్నదానికి పదివేల కోట్ల రెట్ల కోవకు చెందినది కావడంవల్ల, పొర అడుగున ఒత్తిడి, వేడిమి భరింపరానివవుతాయి. ఒక హద్దు దాటగానే కేంద్రక సంలీనం ఆరంభమై, ఆపడానికి వీలులేని వేగంతో సాగిపోతుంది. మానవుడు ఉదజని బాంబులో చేసిన పనినే ప్రకృతి అక్కడ ఒక నగరమంత వైశాల్యంలో, దినదినమూ, ఎవరినీ బాధించకుండా చేస్తూ ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వాయువు పడేటప్పుడు వెలువడే శక్తితో పోల్చితే, అదే వాయువు కేంద్రక సంలీనంలో ఇచ్చే శక్తి అందులో కొద్ది శాతమే. అంత చిన్న మొత్తం అంత పెద్ద మంటగా ఎట్లా కనబడుతుంది? గృహిణులకు దీని సమాధానం తెలియనిది కాదు. నెలనెలా సంపాదనలో పిడికెడు చొప్పున డబ్బాలో వేసి, పండుగనాడు ఒక్కసారిగా ఖర్చు పెడితే ఆ ఒక్కరోజు సంపన్నుల ఇల్లువలె వెలుగుతుంది. గంటల తరబడి పోగైన ఇంధనం సెకన్లలో కాలిపోవడమే ఆ వెలుగుకు కారణం. సూర్యుడు కొన్ని రోజులలో వెలార్చే శక్తిని ఆ చిన్న నక్షత్రం కొన్ని సెకన్లలో వెదజల్లుతుంది.

ఇంతవరకు కథ 1970లలోనే తెలిసినది. మంట మొదలైన క్షణంలో నక్షత్రమంతటా ఒకేసారి అంటుకుంటుందా, లేక ఒకచోట రాజుకొని పాకుతుందా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ఒకచోట రాజుకున్నట్లయితే దానికొక గుర్తు ఉండాలి. కుమ్మరి సారెమీద తిరుగుతున్న కుండకు ఒక పక్క చిన్న దీపం అంటించినామనుకోండి. దీపం మనవైపు వచ్చినప్పుడు వెలుగు, అవతలికి పోయినప్పుడు మసక. కుండ ఎంత వేగంగా తిరిగితే వెలుగు అంత వేగంగా హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించినవాడు కుండను చూడకపోయినా, సారె తిరిగే వేగాన్ని చెప్పగలడు.

1995 డిసెంబరు 30న అమెరికా ప్రయోగించిన రోసీ ఎక్స్-రే టైమింగ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉపగ్రహం ఆ గుర్తును పట్టుకొన్నది. సెకనులో పదిలక్షల వంతు వ్యవధిని కూడా వేరు చేయగల ఆ పరికరం, 1996 ఫిబ్రవరిలోనే 4యు 1728-34 అనే నక్షత్రంపై రేగిన మంటలలో సెకనుకు 363 సార్లు వెలుగు హెచ్చి తగ్గుతున్నట్లు చూపింది. టాడ్ స్ట్రోమేయర్, ఆయన సహచరులు దానిని ప్రకటించారు. తర్వాత మరికొన్ని నక్షత్రాలలోనూ అటువంటి కాంతి డోలనాలు కనబడ్డాయి. కొన్నింటిలో సెకనుకు 500, మరికొన్నింటిలో 600 దాటిన సంఖ్యలు. గుళ్ళలో మనం ఆత్మప్రదక్షిణ చేస్తూ నాలుగైదు సార్లు తిరిగేసరికే కళ్ళు తిరుగుతాయి. సూర్యునికంటె బరువైన గోళం సెకనుకు ఆరు వందల సార్లు తనచుట్టూ తాను తిరుగుతున్నదంటే, వెంటనే నమ్మడానికి శాస్త్రజ్ఞులకు సైతం మనసొప్పలేదు.

అనుమానానికి హేతువు కూడా ఉన్నది. ఈ డోలనాల శ్రుతి నిలకడగా ఉండదు. మంట సాగుతున్న కొద్దీ అది సెకనుకు ఒకటి రెండు కంపనాల మేర, కొన్నిసార్లు ఇంకా ఎక్కువగా, పైకి జారుతుంది. నక్షత్రం వంటి బరువైన వస్తువు పది సెకన్లలో తన వేగం మార్చుకోజాలదు కదా! మంటకు ఉబ్బిన పై పొర కొన్ని మీటర్లు పైకి లేచి, చేతులు చాచిన నర్తకివలె వెనుకబడి, చల్లారి దిగుతున్నప్పుడు మళ్ళీ వేగం పుంజుకొంటుందని ఒక వివరణ. దిశ సరిపోయింది గాని, కొన్ని మంటలలో కనబడిన జారుడు అంతటికీ ఆ వివరణ చాలలేదు. ఉపరితలంపై ద్రవరూపంలో ఉన్న పొరలో అలలు పుట్టి నక్షత్రానికి ఎదురు దిశలో సాగుతాయని మరికొందరు అన్నారు. ఈ వ్యవహారం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఇంతకూ డోలనాల సంఖ్య నక్షత్రపు భ్రమణ సంఖ్యేనా, లేక దానికి రెట్టింపా అన్న మౌలికమైన సందేహం సైతం కొన్నేళ్ళు వేధించింది.

ఆ సందేహం తీర్చిన నక్షత్రమే కలకత్తా వాదానికి కూడా కేంద్రమైనది. దానిపేరు సాక్స్ జె1808.4-3658. ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల ఉమ్మడి ఉపగ్రహం బెప్పోసాక్స్ 1996 సెప్టెంబరులో దీనిని కనుగొన్నది. ధనూరాశిలో, పూర్వాషాఢగా మనవారు గుర్తించిన తారలకు కొంచెం నైరుతిగా, దాదాపు 11 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. ఆషాఢమాసపు నడిరేయి కలకత్తా దక్షిణాకాశంలో ముప్పై డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఆ వేళకు వంగదేశపు ఆకాశం నిండా మేఘాలే ఉంటాయనుకోండి! మేఘాలు లేకపోయినా అది కంటికి కనబడేది కాదు. 1998 ఏప్రిల్‌లో రూడీ వైనాండ్స్, మైకేల్ వాన్ డెర్ క్లిస్ ఇది సెకనుకు 401 సార్లు తిరుగుతున్నదని నిరూపించారు. ఈసారి ఆధారం మంటలు కావు. జారిపడే వాయువును అయస్కాంత క్షేత్రం ధ్రువాలవైపు మళ్ళించడంవల్ల నిత్యం కలిగే స్పందనలు. వాయువును మింగుతూ, సెకనులో వందలసార్లు తిరిగే స్పందన నక్షత్రం దొరకడం అదే ప్రథమం. దాని భూమధ్యరేఖ వంటి నడిమి వలయం సెకనుకు పాతిక వేల కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నదన్నమాట.

మీరా దే, జిష్ణు దే తమ సహచరులతో కలిసి అదే 1998లో ఒక పరిశోధన పత్రం ప్రకటించి ఉన్నారు. ప్రోటాన్, న్యూట్రాన్ వంటి కణాలు క్వార్కులనే సూక్ష్మకణాల కూర్పు అని నేడు పాఠశాల విద్యార్థులకు కూడా తెలుసు. సామాన్య పదార్థంలో క్వార్కులు రెండు రకాలు. అపారమైన ఒత్తిడిలో మూడవ రకం, శాస్త్రజ్ఞులు 'వింత' క్వార్కు అని పేరు పెట్టినది, పుట్టుకొచ్చి మూడూ కలగలిసిన ముద్ద ఏర్పడితే, అది ఇనుముకంటె కూడా స్థిరమైన పదార్థం కావచ్చునని 1971లో బాడ్మర్, 1984లో ఎడ్వర్డ్ విట్టెన్ సూచించారు. ఆ సూచన నిజమైతే మన ఇంటిలోని ఇనుప పెనం మొదలు హిమాలయాల వరకు గల సమస్త పదార్థమూ ప్రకృతి దృష్టిలో తాత్కాలికమైన ఏర్పాటు. అయితే ఆ మార్పు దానంతట అది జరగడానికి పట్టే కాలం విశ్వం వయస్సుకంటె ఎన్నో రెట్లు అధికం గనుక, పాఠకులు తమ పెనాన్ని గురించి దిగులు పడనక్కరలేదు.

క్వార్కుల ముద్దతో నిర్మితమైన నక్షత్రానికీ, న్యూట్రాన్ నక్షత్రానికీ తేడా కళ్ళంలోని ధాన్యపు రాశికీ, బూందీ లడ్డుకూ ఉన్న తేడా వంటిది. రాశిని గురుత్వాకర్షణే నిలిపి ఉంచుతుంది. లడ్డును పాకం కూడా పట్టి ఉంచుతుంది. అందువల్ల న్యూట్రాన్ నక్షత్రం బరువు తగ్గినకొద్దీ సడలి పెద్దదవుతుంది. వింత నక్షత్రం బరువు తగ్గితే చిన్నదే అవుతుంది. దే బృందపు లెక్కల ప్రకారం వింత నక్షత్రం వ్యాసార్థం ఏడు కిలోమీటర్ల పరిసరాలలో ఉంటుంది. న్యూట్రాన్ నక్షత్రానికి పది, పన్నెండు, ఆపైన. వ్యాసార్థం కొలువగలిగితే చాలు, లోపల ఉన్నది ఏమిటో తెలిసిపోతుంది.

1999లో మరొక అడుగు ముందుకు పడింది. చైనాలోని నాన్జింగ్‌కు చెందిన సియాంగ్-డాంగ్ లీ, ఇటలీలోని పీసా నుండి ఇగ్నాజియో బొంబాచి, ఆమ్‌స్టర్‌డామ్ నుండి వాన్ డెన్ హ్యూవెల్, కలకత్తా నుండి దే ద్వయం కలిసి భౌతికశాస్త్రంలో అగ్రగణ్యమైన ఒక పత్రికలో సాక్స్ జె1808 వింత నక్షత్రమేనా అని సూటిగా ప్రశ్నించారు. వారి తర్కం చాలా సుందరమైనది, గుణకారం వచ్చిన ఎవరైనా అనుసరింపదగినది.

నక్షత్రంవైపు వచ్చే వాయువు పళ్ళేన్ని అయస్కాంత క్షేత్రం ఒక హద్దు దగ్గర ఆపి, ధ్రువాలవైపు మళ్ళిస్తుంది. వాయు ప్రవాహం ఉద్ధృతమైతే హద్దు లోపలికి నెట్టబడుతుంది. పలుచబడితే వెలుపలికి జరుగుతుంది. స్పందనలు కనబడుతున్నాయంటే, ఉద్ధృతి గరిష్ఠంగా ఉన్నప్పుడు కూడా హద్దు నక్షత్రపు ఉపరితలానికి వెలుపలే ఉండాలి. ప్రవాహం అతి పలుచగా ఉన్నప్పుడు కూడా హద్దు మరొక వలయాన్ని దాటరాదు. దాటితే, తిరుగుతున్న క్షేత్రం వాయువును ఒడిసెలలోని రాయివలె బయటికి విసిరివేస్తుంది. సెకనుకు 401 సార్లు తిరిగే, 1.4 సూర్యుల బరువుగల నక్షత్రానికి ఆ వలయం దాదాపు 31 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 1998 ఏప్రిల్, మే నెలలలో నక్షత్రపు కాంతి దాదాపు నూరు రెట్లు తగ్గిపోయినా స్పందనలు ఆగలేదు. నూరు రెట్ల తేడాకు హద్దు జరిగే దూరం, వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం, 3.7 రెట్లు. కాబట్టి నక్షత్రం వ్యాసార్థం 31ని 3.7తో భాగించగా వచ్చిన సంఖ్యకంటె, అనగా దాదాపు ఎనిమిదిన్నర కిలోమీటర్లకంటె, ఎక్కువ కారాదు. అంత చిన్న న్యూట్రాన్ నక్షత్రాన్ని ఆనాటి నమూనాలు సమకూర్చలేకపోయాయి. వింత నక్షత్రం అందులో చక్కగా ఇముడుతుంది.

వాదనలో బలహీనమైన కీలు ఎక్కడ ఉన్నదో విమర్శకులు వెంటనే చూపారు. అయస్కాంత క్షేత్రం సామాన్యమైన దండాయస్కాంతపు క్షేత్రమే కానక్కరలేదు. పళ్ళెం ఒత్తిడి ప్రవాహంతో మారే తీరు కూడా ఆ సూత్రం చెప్పినంత సరళం కాకపోవచ్చు. ఆ 3.7 రెట్లు రెండు రెట్లయితే నక్షత్రం వ్యాసార్థానికి పదిహేను కిలోమీటర్ల దాకా అవకాశం దొరుకుతుంది. నిజమే, అయినప్పటికీ ఒక ఊహను పరీక్షకు నిలబెట్టగల స్పష్టమైన సంఖ్య చెప్పడం శాస్త్రంలో చిన్న సంగతి కాదు.

వింత పదార్థంపై కలకత్తాకు ఉన్న మక్కువ ఈ ఒక్క వాదంతో ఆగలేదు. జగదీశ్ చంద్ర బోస్ 1917లో స్థాపించిన బోస్ సంస్థకు చెందిన శివాజీ రాహా, ఆయన సహచరులు ఆ పదార్థపు తునకలు విశ్వకిరణాలతోపాటు భూమి దాకా చేరగలవా అని 2000లో లెక్క కట్టారు. వాటిని పట్టుకొనేందుకు డార్జిలింగ్ కొండలపై ప్లాస్టిక్ రేకులు పరచి వాటిమీద పడే గీతలను వెదకే ప్రయత్నం కూడా సాగింది.

సాక్స్ జె1808 మళ్ళీ మేల్కొన్నది 2002 అక్టోబరులో. ఈసారి రోసీ ఉపగ్రహం కన్ను దానిమీదనే ఉన్నది. నాలుగు మంటలు రేగాయి. నాలుగింటిలోనూ కాంతి డోలనాలు కనబడ్డాయి. వాటి సంఖ్య సెకనుకు 401! స్పందనలు చెప్పిన సంఖ్యనే మంటలు కూడా చెప్పాయి. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన దీప్తో చక్రబర్తి నాయకత్వంలోని బృందం దీనిని 2003లో ప్రకటించింది. రెట్టింపా, సగమా అన్న వివాదం దానితో ముగిసింది. అంతేకాదు, మంటలనుబట్టి వేగం తెలిసిన నక్షత్రాలన్నింటినీ లెక్కలోకి తీసికొంటే వాటి వేగానికి సెకనుకు 730 భ్రమణాల చుట్టుపట్ల ఒక పైహద్దు ఉన్నట్లు వారు చూపారు. నక్షత్రం ముక్కలు కావలసిన వేగం అంతకంటె ఎక్కువ. మరి అంతకు ముందే వాటిని అడ్డగిస్తున్నది ఏమిటి? గురుత్వాకర్షణ తరంగాల రూపంలో శక్తి తరలిపోవడమే కారణం కావచ్చునని ఒక ఊహ ఉన్నది. 2006లో ప్రకటించిన అత్యంత వేగవంతమైన రేడియో స్పందన నక్షత్రం సెకనుకు 716 సార్లు తిరుగుతున్నది. అది కూడా ఆ హద్దులోపలిదే.

మంట పాకే తీరు మరొక మనోహరమైన అధ్యాయం. 'సైక్లోన్' అనే ఇంగ్లీషు మాట పుట్టినది కలకత్తాలోనేనని చాలామందికి తెలియదు. అక్కడ ఉద్యోగం చేస్తుండిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపానులను అధ్యయనం చేసి, 1848లో ప్రచురించిన నావికుల గ్రంథంలో ఆ పేరు పెట్టాడు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనను చవిచూచిన తెలుగువారికి ఆ సుడి ఎటువంటిదో వర్ణించి చెప్పనక్కరలేదు. భూమి తిరగడంవల్ల గాలి సూటిగా పోలేక పక్కకు ఒరిగి సుడి తిరుగుతుంది. భూమి రోజుకు ఒకసారి తిరిగితేనే ఇంత సుడి పుడితే, సెకనుకు నాలుగు వందల సార్లు తిరిగే గోళంమీద మంట గతి ఏమిటి? 2002లో స్పిట్కోవ్‌స్కీ, ఆయన సహచరులు ఈ లెక్క వేసి, రాజుకున్న చోటు తుపానువలె సుడి కట్టి, దానిని పట్టి ఉంచే భ్రమణబలంతో పోరాడుతూ పాకుతుందని చూపారు. నడిమి వలయం దగ్గర ఆ బలం ఉండదు గనుక అక్కడ మంట త్వరగా చుట్టుముడుతుంది. ధ్రువాలవైపు నెమ్మదిస్తుంది. మంట నక్షత్రమంతా కప్పిన కొద్దీ వెలుగు చీకట్ల తేడా తగ్గిపోవాలి. ఆ తగ్గుదల ఏ క్రమంలో జరుగుతున్నదో సుదీప్ భట్టాచార్య, స్ట్రోమేయర్ 2007లో పరిశీలించి, భ్రమణబలం జాడ అందులో ఉన్నదని సూచించారు. నడిమి వలయాన్ని మంట సెకనులోపే చుట్టివస్తుంది. వేల కాంతి సంవత్సరాల దూరాన, సెకనులో కొంత భాగం మాత్రమే నిలిచే ఒక సుడిగాలి గమనాన్ని భూమిపైనుండి పసిగట్టగలగడం ఆశ్చర్యకరమే.

రోసీ ఉపగ్రహం 2012 జనవరిలో విశ్రమించింది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. నౌకపై బయలుదేరిన ఆస్ట్రోశాట్, ఆ పనిని అందుకొన్న వాటిలో ఒకటి. ముంబాయిలోని టాటా సంస్థలో నిర్మించిన మూడు పెద్ద ఎక్స్-కిరణ గ్రాహకాలు అందులో ఉన్నాయి. 4యు 1728-34పై రేగిన ఒక మంటలో సెకనుకు 363 చొప్పున డోలనాలను అవి పట్టుకొన్నాయని 2017లో వెల్లడయింది. ఇరవై ఏళ్ళ క్రితం అమెరికా ఉపగ్రహం లెక్కించిన అదే సంఖ్య.

ఇక అసలు ప్రశ్నకు రావాలి. ఏడు కిలోమీటర్లా, పన్నెండు కిలోమీటర్లా? కాంతి డోలనాలు ఈ ప్రశ్నకు రెండు విధాల సమాధానం చెప్పగలవు. మొదటిది: ఐన్‌స్టీన్ చెప్పినట్లు గురుత్వాకర్షణ కాంతిని వంచుతుంది. నక్షత్రం ఎంత గట్టిగా కుదించుకొని ఉంటే కాంతి అంతగా వంగి, వెనుకవైపు ఉన్న దీపం కూడా మనకు కొంత కనబడుతూనే ఉంటుంది. అందుచేత వెలుగు చీకట్ల తేడా తగ్గుతుంది. రెండవది: మనవైపు దూసుకొస్తున్న దీపం కొంచెం ఎక్కువగా, దూరమవుతున్నది కొంచెం తక్కువగా వెలుగుతుంది. ఈ వాలు నడిమి వలయపు వేగాన్ని చెబుతుంది. సెకనుకు ఎన్ని భ్రమణాలో ముందే తెలుసు గనుక, ఆ వేగంనుండి వ్యాసార్థం వస్తుంది. సెకనుకు 314 సార్లు తిరిగే ఎక్స్‌టీఈ జె1814-338 అనే నక్షత్రంపై ఈ పద్ధతిని 2005లో భట్టాచార్య, స్ట్రోమేయర్, మరి ఇద్దరు ప్రయోగించారు. దాని బరువు 1.4 సూర్యులైతే వ్యాసార్థం 8.7 కిలోమీటర్లకు తగ్గదని, నూటికి తొంభై పాళ్ళ నమ్మకంతో వారు చెప్పారు. ఏడు కిలోమీటర్ల వాదానికి ఇది అనుకూలమైన వార్త కాదు.

అంతకంటె పెద్ద దెబ్బ 2010లో తగిలింది. పాల్ డిమొరెస్ట్ బృందం దాదాపు రెండు సూర్యుల బరువు గల ఒక స్పందన నక్షత్రాన్ని కచ్చితంగా తూచింది. 2013లో అటువంటిదే మరొకటి దొరికింది. దే బృందం 1998లో ప్రకటించిన సమీకరణం అనుమతించే గరిష్ఠ బరువు 1.44 సూర్యులు. అంతకు మించితే నక్షత్రం కృష్ణబిలంగా కుప్పకూలాలి. అందుచేత ఆకాశంలోని నక్షత్రాలన్నీ ఆ సమీకరణం ప్రకారం నిర్మితమైనవే అనడానికి అవకాశం లేకపోయింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై 2017లో అమర్చిన నైసర్ దూరదర్శిని, 2019లో ఒక ఒంటరి స్పందన నక్షత్రం వ్యాసార్థం పదమూడు కిలోమీటర్లకు దగ్గరగా ఉన్నదని కొలిచింది. రెండు బృందాలు వేర్వేరుగా లెక్కించినా దాదాపు ఒకే సమాధానం వచ్చింది.

ఆ ఏడాది ఆగస్టులోనే సాక్స్ జె1808 మళ్ళీ మేల్కొని, నైసర్ కంటి ఎదుట ఒక మహా విస్ఫోటం చూపింది. సూర్యుడు దాదాపు పది రోజులలో ఇచ్చే శక్తి ఇరవై సెకన్లలో వెలువడింది. వెలుగు ముందు ఒక మెట్టెక్కి, క్షణం ఆగి, మరొక మెట్టెక్కింది. పైనున్న ఉదజని పొర ముందుగా ఎగిరిపోయి, వెంటనే హీలియం పొర ఎగరడమే ఆ విరామానికి కారణమని పరిశోధకులు భావించారు.

కలకత్తా వాదం ఇక ముగిసినట్లేనని చాలామంది భావిస్తున్న తరుణంలో 2024లో ఆమ్‌స్టర్‌డామ్‌నుండి ఒక ఫలితం వెలువడింది. ఈవ్ కినీ, ఆయన సహచరులు 2005లో పరీక్షించిన అదే ఎక్స్‌టీఈ జె1814-338ను, అదే మంటల కాంతి డోలనాలను, ఈనాటి గణన యంత్రాల శక్తితో తిరిగి విశ్లేషించారు. వచ్చిన బరువు 1.21 సూర్యులు. వచ్చిన వ్యాసార్థం 7.0 కిలోమీటర్లు, అటూ ఇటూ 0.4. మంట ఆకారాన్ని గురించి వాడిన నమూనాపై ఆ ఫలితం ఆధారపడి ఉన్నది. 2005 నాటి కింది హద్దుతోనూ, నైసర్ కొలిచిన పెద్ద నక్షత్రాలతోనూ అది పొసగడం లేదు. సామాన్యమైన న్యూట్రాన్ పదార్థంతో అంత చిన్న నక్షత్రాన్ని కట్టడం ఇప్పటికీ ఎవరికీ సులభసాధ్యం కాలేదు. ఆకాశంలో రెండు జాతుల నక్షత్రాలు పక్కపక్కనే ఉన్నాయా, లేక మంట ఆకారాన్ని గురించి మనం అనుకొంటున్నదే తప్పా అన్నది ఇప్పుడు పరిశీలనలో ఉన్న సమస్య.